బోర్గుండ్ కొయ్య చర్చి

నార్వే పశ్చిమాన వెస్ట్‌లాండ్ జిల్లాలో, లార్దాల్ లోయ ఎగువన ఉన్న మధ్యయుగపు చర్చి బోర్గుండ్. గోడలు, స్తంభాలు, పైకప్పు, పెంకులు అన్నీ కొయ్యే. కలపలోని వార్షిక వలయాలు లెక్కించి, దీని మానులను 1180–81 చలికాలంలో నరికారని తేల్చారు. 1868 దాకా, అంటే దాదాపు 690 ఏళ్లు, ఇది ఆ చుట్టుపక్కల పల్లెల పారిష్ చర్చి. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఆదివారపు ఆరాధనలు ఇక్కడే జరిగేవి. 1877 నుంచి నార్వే ప్రాచీన స్మారకాల సంరక్షణ సంఘం ఆధీనంలో ఉంది. ఇటువంటి నిలువు గుంజల కట్టడాలను స్టావ్ చర్చిలు అంటారు. మధ్యయుగంలో నార్వేలో ఇవి వెయ్యికి పైగా ఉండేవని అంచనా. ఇప్పుడు మిగిలినవి 28. వాటిలో మొదటి రూపాన్ని ఎక్కువగా నిలుపుకున్నది బోర్గుండేనని పండితులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ మాట నిజమే. అయితే ఇవాళ కనిపించే రూపంలో 12వ శతాబ్దపు వడ్రంగుల పనితోపాటు 19వ శతాబ్దపు వాస్తుశిల్పి నిర్ణయాలు కూడా కలిసి ఉన్నాయి. ఈ కట్టడం చరిత్రలో ఆలోచింపజేసే విషయాలు చాలావరకు ఆ కలయికలోనే ఉన్నాయి.

స్థలం

లార్దాల్ లోయ సోగ్నె ఫ్యోర్డ్ అనే పొడవాటి సముద్రపాయ లోపలి కొసన మొదలై తూర్పు కొండల్లోకి సాగుతుంది. తూర్పు నార్వేనూ పశ్చిమ తీరాన్నీ కలిపే పాత కొండదారి ఈ లోయ గుండానే పోయేది. వ్యాపారులు, యాత్రికులు, రాజోద్యోగులు ఆ దారినే పట్టేవారు. చర్చి ఆ దారి పక్కనే ఉంది. 1790లలో ఫిల్లెఫ్యెల్ కొండ మీదుగా బళ్లు నడిచేందుకు వేసిన రాచబాట కూడా దగ్గరలోనే ఉంది. ఇప్పుడు ఓస్లో–బెర్గెన్ ప్రధాన రహదారి ఇదే లోయలో నడుస్తుంది. ఆ రహదారి మీదే 2000లో తెరిచిన 24.5 కిలోమీటర్ల లార్దాల్ సొరంగం ఉంది.

పశ్చిమ నార్వే అంటే ఎడతెగని వాన. ఆ ప్రాంతంలో లార్దాల్ ఒక మినహాయింపు. చుట్టూ ఉన్న కొండలు మబ్బులను ముందే ఆపేయడంతో ఈ లోయలో వాన బాగా తక్కువ. కొయ్యకు మొదటి శత్రువు తడి. ఎనిమిదిన్నర శతాబ్దాలుగా ఈ చర్చి నిలబడిందంటే అందులో కట్టినవాళ్ల నేర్పు ఎంత ఉందో, ఈ పొడి గాలి పాత్రా అంతే ఉంది.

నేలలో పాతిన గుంజ, రాతి మీద నిలిపిన గుంజ

స్కాండినేవియాలో క్రైస్తవం వేళ్లూనిన 11వ శతాబ్దంలో కట్టిన తొలి చర్చిలకు గుంజలను నేరుగా నేలలో పాతేవారు. గొయ్యి తీసి, మాను దించి, చుట్టూ రాళ్లు కుక్కేవారు. అలా పాతిన గుంజ గాలికి కదలదు. కానీ నేలమట్టం దగ్గర తడీ గాలీ రెండూ తగిలే చోట అది పుచ్చిపోతుంది. కొన్ని దశాబ్దాలకే చర్చిని మళ్లీ కట్టుకోవలసి వచ్చేది. ఉర్నెస్, లోమ్ చర్చిల నేల కింద జరిపిన తవ్వకాల్లో అంతకుముందరి కట్టడాల గుంజ గుంతలు బయటపడ్డాయి.

ఈ చిక్కును 12వ శతాబ్దపు వడ్రంగులు తీర్చిన తీరే స్టావ్ చర్చి నిర్మాణానికి ఆయువుపట్టు. వాళ్లు గుంజను నేలలోంచి పైకి తీశారు. ముందు రాళ్ల వరస పేర్చి, దాని మీద బలమైన అడుగు దూలాలు పరిచారు. రెండు దూలాలు పొడవునా, రెండు అడ్డంగా, ఒకదానినొకటి దాటేలా అమర్చి, ఆ చట్రం మీద స్తంభాలు నిలిపారు. దూలాల కొసలను చట్రం దాటి బయటికి పొడిగించి, వాటి మీద పక్క భాగాల గోడలను మోయించారు. కొయ్య ఎక్కడా మట్టిని తాకదు. కింద గాలి ఆడుతుంది. తడిసినా ఆరిపోతుంది.

అయితే నేలలో పాతని గుంజకు తనంతట తాను నిలబడే బలం ఉండదు. కొండగాలి అటూ ఇటూ తోస్తుంటే చట్రం ఒరిగిపోవాలి. కాబట్టి పట్టు అంతా పైన ఉండాలి. బోర్గుండ్ లోపల నిలబడి తలెత్తి చూస్తే ఆ పట్టు ఎలా కుదిరిందో కనిపిస్తుంది. ఎత్తైన స్తంభాలను మధ్య ఎత్తులో రెండు అడ్డపట్టెలు లోపలా బయటా నొక్కి పట్టి చుట్టూ తిరుగుతాయి. ఆ పట్టెల నడుమ ఏటవాలు కట్టెలు ఒకదానినొకటి కోసుకుంటూ గుణకారపు గుర్తు ఆకారంలో బిగిసి ఉంటాయి. ఈ చర్చి అపొస్తలుడైన అంద్రెయకు అంకితం. ఆయన సిలువ ఆకారమూ ఇదే. స్తంభాన్ని పై దూలంతో కలిపే మూలల్లో వంపు తిరిగిన కొయ్య ముక్కలు ఉంటాయి. వాటిని తిన్నని పలక నుంచి కోయలేదు. చెట్టు మొదలు దగ్గర, మాను వేరుగా మలుపు తిరిగే చోట సహజంగా వంగిన కలపను ఎంచి తీశారు. అక్కడ నార వంపు వెంటే పోతుంది కాబట్టి ఆ ముక్క చీలదు. అడవిలో చెట్టును చూస్తూనే అది కట్టడంలో ఏ మూలకు పనికొస్తుందో వడ్రంగికి తెలిసి ఉండాలి.

గోడలు నిలువు పలకలు. ఒక పలక అంచులో గాడి, పక్క పలక అంచులో ఆ గాడిలో దిగే పట్టె ఉంటాయి. పలకల కింది కొసలు అడుగు దూలంలోనూ, పై కొసలు మీది దూలంలోనూ దిగుతాయి. అతుకులకు చెక్క మేకులే వాడారు, ఇనుము చాలా తక్కువ. ఇలా బిగించిన కట్టడం బిరుసుగా ఉండదు. గాలికి రవ్వంత కదిలి మళ్లీ తన చోటికి వస్తుంది.

కలప పైన్ చెట్టుది, అందులోనూ చేవ దేరిన భాగం. మెల్లగా పెరిగిన ముదురు చెట్లను ఎంచుకునేవారు. నిలిచి ఉండగానే చెట్టు కొనను నరికి, బెరడు కొంత ఒలిచి, కొన్నేళ్లు అలా వదిలేస్తే మానులో జిగురు పేరుకుని కలప గట్టిపడుతుందని, ఆ పద్ధతే ఇక్కడ వాడి ఉంటారని నిపుణుల అభిప్రాయం. జిగురు నిండిన చేవకు పుచ్చు అంత తేలిగ్గా పట్టదు.

కప్పులు, వసారా, లోపలి చీకటి

దూరం నుంచి చూసేవాళ్ల మనసులో ముందుగా నాటుకునేవి అంతస్తులు అంతస్తులుగా పైకి లేచే కప్పులు. అన్నిటికంటే కింద, చుట్టూ తిరిగే వసారా కప్పు. దానిపైన పక్క భాగాల కప్పు, ఆపైన మధ్య మందిరపు నిటారైన కప్పు, కొప్పు మీద చిన్న బురుజు. తూర్పున బలిపీఠం ఉన్న గదికీ, దాని వెనక అర్ధవృత్తాకారపు గదికీ వేరే కప్పులు. వీటి మీద కొయ్య పెంకులు చేప పొలుసుల్లా ఒకదానిపై ఒకటి పరిచి ఉంటాయి. పై కప్పుల అంచుల్లో నోళ్లు తెరిచిన డ్రాగన్ తలలు, కింది కప్పుల మీద సిలువలు కనిపిస్తాయి.

ఈ అంతస్తులు అందానికి మాత్రమే వేశారనుకుంటే పొరపాటు. పై కప్పు చూరు నీరు కింది కప్పు మీద పడి, చివరికి గోడలకు దూరంగా నేలకు చేరుతుంది. వసారా గోడల మొదళ్లనూ అడుగు దూలాల కొసలనూ వాన నుంచి కాపాడుతుంది. కట్టడంలో త్వరగా పాడయ్యే భాగం ఆ మొదళ్లే. తేలిగ్గా మార్చుకోగల వసారాను వానకు ఎదురొడ్డి, మార్చడం కష్టమైన చట్రాన్ని దాచిపెట్టిన ఆ ఆలోచన ఎంత మెచ్చుకున్నా తక్కువే.

లోపల చీకటి. మధ్యయుగంలో కిటికీలు లేవు. పై గోడల్లో చూరు కింద చిన్న గుండ్రటి రంధ్రాలు మాత్రం ఉన్నాయి. వాటిలోంచి సన్నగా పడే వెలుగు, బలిపీఠం దగ్గరి దీపాలు తప్ప వేరే వెలుతురు ఉండేది కాదు. జనం నిలబడే ఆరాధనలో పాల్గొనేవారు. ముసలివాళ్ల కోసం గోడ వెంట బల్ల ఉండేది. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక స్తంభాల తలలపై చెక్కిన మనుషుల, జంతువుల ముఖాలు ఒక్కొక్కటే తేలి కనిపిస్తాయి. కత్తెరలా దాటుకునే పైకప్పు వాసాలు చాలా ఎత్తున మసక వెలుగులో కలిసిపోతాయి.

లోపలి సామగ్రిలో మధ్యయుగపు మెత్తని రాతి బాప్తిస్మపు తొట్టి ఉంది. ప్రసంగ వేదిక 16వ శతాబ్దిది. 1537లో నార్వే లూథరన్ మతశాఖకు మారాక వచ్చిన మార్పుల్లో అదొకటి. సిలువ దృశ్యం చిత్రించిన బలిపీఠపు పలక 1654 నాటిది. చర్చికి కొంచెం ఎడంగా 13వ శతాబ్దపు గంటల మంటపం ఉంది. అదీ గుంజల కట్టడమే. అలా విడిగా కట్టిన గంటల మంటపాల్లో నార్వేలో ఇప్పటిదాకా మిగిలింది అదొక్కటే.

పడమటి వాకిలి, గోడల మీది రాతలు

పడమటి వాకిలి చెక్కడాన్ని దగ్గరగా చూడాలి. వాకిలికి రెండు పక్కలా వెడల్పైన పలకలు నిలిపారు. వాటి అడుగున ఒక జంతువు నోట్లోంచి తీగ మొలిచి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. ఆ తీగల మధ్య రెక్కల డ్రాగన్లు ఒకదాని మెడ ఒకటి కొరుకుతూ పెనుగులాడుతుంటాయి. చెక్కడపు లోతు ఎంతో లేదు, కానీ ఒక శరీరం మరొకదాని కింద నుంచి దూరి మళ్లీ పైకి తేలే తీరు వేలితో తడిమితే తెలిసేంత స్పష్టంగా ఉంటుంది. సోగ్న్, వల్‌డ్రెస్ ప్రాంతాల చర్చి వాకిళ్లలో ఈ శైలి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దేవుడి ఇంటి గడపకు ఈ మృగాలు ఎందుకో పండితులు రకరకాలుగా చెప్పారు. చెడును గడప దగ్గరే ఆపడానికని కొందరు, మంచి చెడుల పోరుకు గుర్తని కొందరు అంటారు. క్రైస్తవానికి ముందరి అలంకారం పనివాళ్ల చేతుల్లో బతికి ఉండి కొత్త మతంలో చోటు సంపాదించుకుందన్న వివరణ ఎక్కువ నమ్మదగ్గదిగా తోస్తుంది. ఇదే జిల్లాలోని ఉర్నెస్ చర్చి ఉత్తర వాకిలి అందుకు ఆనవాలు. 11వ శతాబ్దపు పాత చర్చి చెక్కడాన్ని కొత్త కట్టడంలో భద్రంగా అమర్చారక్కడ.

చర్చి గోడల మీద రూన్ లిపిలో గీసిన రాతలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి థోరిర్ అనే బాటసారిది. ఓలాఫ్ పండుగ ముందు రోజు సాయంత్రం ఈ దారిన పోతూ రాశానని చెప్పి, విధిని అల్లే దేవతలు తనకు మంచీ చెడూ రెండూ చేశారని, బాధే ఎక్కువ పెట్టారని వాపోయాడు. ఓలాఫ్ పండుగ జూలై 29న వచ్చే క్రైస్తవ పర్వం. విధి దేవతలు పాత నార్స్ మతానికి చెందినవాళ్లు. ఒకే మనిషి ఒకే గోడ మీద ఇద్దరినీ తలుచుకున్నాడు. అప్పటి జనం నమ్మకాల గురించి పెద్ద పెద్ద గ్రంథాల్లో దొరకని సాక్ష్యం ఇది.

కొయ్య చర్చిలు ఎలా కరిగిపోయాయి

1349–50లో వచ్చిన ప్లేగు నార్వే జనాభాలో సగానికి పైగా తుడిచిపెట్టింది. పొలాలు బీడుపడ్డాయి, లోయల్లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. చర్చిలను చూసుకునేవాళ్లు లేకపోయారు. 1650 నాటికి సుమారు 270 స్టావ్ చర్చిలు మిగిలాయి. 1723లో రాజు నాలుగో ఫ్రెడరిక్ యుద్ధపు అప్పులు తీర్చుకోవడానికి నార్వే చర్చిలను అమ్మకానికి పెట్టాడు. కొన్నవాళ్లకు చర్చికి చెందిన రాబడి కావాలి. మరమ్మతు ఖర్చు వాళ్లకు భారం. 1800 నాటికి 95 మాత్రమే నిలిచాయి.

అసలు దెబ్బ తీసింది మాత్రం 1851 నాటి చర్చి చట్టం. పారిష్ జనాభాలో కనీసం పదింట మూడు వంతుల మందికి చోటు చాలేంత పెద్దదిగా చర్చి ఉండాలని ఆ చట్టం నిర్ణయించింది. ఉద్దేశం మంచిదే, జనాభా పెరుగుతోంది. కానీ మధ్యయుగపు చిన్న చర్చి ఏదీ ఆ కొలతకు తూగలేదు. ఊరి పెద్దల ముందు రెండు దారులే మిగిలాయి: కూల్చి కొత్తది కట్టడం, లేదా గోడలు కొట్టి పెంచడం. దశాబ్దాల తరబడి పాత చర్చి కలప వేలం పాటలో అమ్ముడుపోయింది, చెక్కిన వాకిలి పలకలు కొన్ని మ్యూజియాలకు చేరాయి. పేద పారిష్ తన డబ్బుతో తనకు సరిపడే చర్చి కట్టుకోవాలనుకోవడం తప్పు కాదు. పాతదాన్ని నిలపడానికి అప్పుడు ఎవరి దగ్గరా నిధిగానీ, చట్టంగానీ లేకపోవడమే నష్టానికి అసలు కారణం.

ఆ లోటును ముందుగా గుర్తించినవాడు ఒక చిత్రకారుడు. బెర్గెన్‌లో పుట్టి జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఆచార్యుడిగా స్థిరపడిన యోహాన్ క్రిస్తియన్ దాల్ 1837లో స్టావ్ చర్చిలపై జర్మన్ భాషలో ఒక చిత్రమాల ప్రచురించాడు. అందులో బోర్గుండ్, ఉర్నెస్, హెడ్డాల్ చర్చిల కొలతల చిత్రాలున్నాయి. సొంత దేశంలో పాత కొంపలుగా చూసినవాటిని యూరప్ మేధావులు గొప్ప కళగా గుర్తించడం అక్కడి నుంచే మొదలైంది. వల్‌డ్రెస్‌లోని వాంగ్ చర్చిని కూల్చబోతుంటే దాల్ 1841లో దాన్ని కొన్నాడు. నార్వేలో నిలపడానికి చోటు దొరక్కపోతే ప్రష్యా రాజు నాలుగో ఫ్రెడరిక్ విలియం తీసుకుని తన రాజ్యానికి తరలించాడు. 1844లో ప్రతిష్ఠించిన ఆ చర్చి ఇప్పుడు పోలండ్‌లోని కర్పాచ్‌లో ఉంది. అదే 1844లో దాల్ చొరవతో నార్వే ప్రాచీన స్మారకాల సంరక్షణ సంఘం ఏర్పడింది.

బోర్గుండ్ బతికిన విధం

బోర్గుండ్ కూడా చట్టపు కొలతకు చాలలేదు. అయితే అప్పటికే దాల్ పుస్తకం ద్వారా, ఈ దారిన వచ్చే చిత్రకారులు, యాత్రికుల ద్వారా పేరు పడి ఉండటం దానికి కలిసొచ్చింది. పారిష్ దీన్ని కూల్చకుండా పక్కనే కొత్త చర్చి కట్టుకుంది. 1868లో ఆరాధన అక్కడికి మారింది. తొమ్మిదేళ్లకు సంరక్షణ సంఘం పాత చర్చిని తీసుకుంది. ఒక విధంగా ఆ కొత్త చర్చే పాతదాన్ని కాపాడింది. పెరిగిన జనం బరువు, పొయ్యి, పెద్ద కిటికీలు, మేడ బల్లలు అన్నీ దాని వంతుకు పోయాయి.

1870ల మొదట్లో పాత చర్చిని పునరుద్ధరించారు. ఆ పని చేసిన వాస్తుశిల్పి క్రిస్టియన్ క్రిస్టీ. మత సంస్కరణ తర్వాత చేర్చిన వాటిని ఆయన చాలావరకు తీసేయించాడు. కూర్చునే బల్లలు, పై అంతస్తులోని కూర్చునే మేడ, బలిపీఠపు గది మీది అడ్డకప్పు, ఉత్తర, దక్షిణ గోడల్లోని పెద్ద కిటికీలు అన్నీ పోయాయి. మధ్యయుగపు చీకటి తిరిగి వచ్చింది. కొయ్య చట్రం పై దాకా మళ్లీ కనిపించింది.

ఆ పనిని ఇవాళ ఎలా చూడాలి? చట్రం అందాన్ని బయటపెట్టినందుకు క్రిస్టీకి మనం రుణపడి ఉన్నాం. అయితే పోయినవి కూడా ఈ చర్చి చరిత్రే. మూడు వందల ఏళ్లకు పైగా లార్దాల్ రైతులు లూథరన్ ప్రసంగాలు విన్న బల్లలవి. వాళ్లు వెలుతురు కోసం తెరుచుకున్న కిటికీలవి. ఆనాడు యూరప్ అంతటా ఇదే ధోరణి నడిచింది. కట్టడానికి ఒక ‘అసలు’ కాలం ఉంటుందని, తర్వాతివన్నీ మకిలేనని నమ్మేవారు. కట్టడాల సంరక్షణపై 1964లో వచ్చిన వెనిస్ ఒప్పందం ఈ ఆలోచనను తిరగేసింది. అన్ని కాలాల చేర్పులనూ గౌరవించాలని, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని అది చెప్పింది. ఇప్పుడైతే బోర్గుండ్ బల్లలను ఎవరూ తీయనివ్వరు.

క్రిస్టీ పని ప్రభావం ఈ ఒక్క చర్చితో ఆగలేదు. మిగతా చర్చిలను బాగుచేసేటప్పుడు తెలియని భాగాలకు బోర్గుండ్‌నే నమూనాగా పెట్టుకున్నారు. 1880లలో ఓస్లో దగ్గరి బిగ్‌డోయ్‌కి తరలించిన గోల్ చర్చి, పీటర్ బ్లిక్స్ బాగుచేసిన హొప్పర్‌స్టాడ్ చర్చి, 1883లో ఫోర్తున్ నుంచి బెర్గెన్ శివారుకు తెచ్చిన ఫాంటాఫ్ట్ చర్చి అన్నీ బోర్గుండ్ కప్పులనూ వసారానూ అనుసరించాయి. దాంతో స్టావ్ చర్చి అనగానే ప్రపంచానికి బోర్గుండ్ రూపమే గుర్తొస్తుంది. నిజానికి ఆ చర్చిల్లో చాలా రకాలుండేవి. ఎత్తైన మధ్య మందిరం లేని, ఒకే గదిగా ఉండే మామూలు చర్చిలే ఎక్కువ. 1892లో లొరెంట్స్ డీట్రిక్‌సన్ రాసిన పెద్ద అధ్యయనం మొదలు ఈనాటి తవ్వకాల దాకా పండితులు ఆ వైవిధ్యాన్ని చూపుతూనే ఉన్నారు. సముద్రాలు దాటి వెళ్లింది మాత్రం బోర్గుండ్ రూపమే. అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రపు ర్యాపిడ్ సిటీలో 1969లో దీని ప్రతిరూపం కట్టారు. 1908 నాటి జర్మనీ హానెన్‌క్లే చర్చికీ ఇదే స్ఫూర్తి.

పొరపాటు పునరుద్ధరణ ఎలా ఉంటుందో తెలియాలంటే స్టావ్ చర్చిలన్నిటిలోకి పెద్దదైన హెడ్డాల్‌ను చూడాలి. 1849–51 మధ్య అక్కడ చేసిన పని మధ్యయుగపు కొయ్యపని తెలియని చేతులది. దాన్ని సరిదిద్దడానికి 1950లలో మళ్లీ పెద్ద ఎత్తున పని చేయాల్సి వచ్చింది.

చట్టం

నార్వేలో ప్రాచీన కట్టడాల రక్షణకు 1905లో తొలి చట్టం వచ్చింది. 1912లో రిక్సాంటిక్వారెన్ అనే జాతీయ వారసత్వ అధికారి కార్యాలయం ఏర్పడింది. 1920లో కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1978 నాటి సాంస్కృతిక వారసత్వ చట్టం. దాని ప్రకారం 1537కు ముందరి కట్టడాలన్నిటికీ రక్షణ దానంతటదే వర్తిస్తుంది. ఒక్కొక్కదాన్నీ జాబితాలో చేర్చి ప్రకటన ఇవ్వాల్సిన పని లేదు. యజమాని ఎవరైనా సరే, అనుమతి లేకుండా ఒక్క పలక కూడా మార్చకూడదు. 28 చర్చిల్లో చాలావరకు ఇంకా స్థానిక పారిష్‌ల చేతిలోనే ఉన్నాయి, వాటిలో ఆరాధన సాగుతుంది. బోర్గుండ్, ఉర్నెస్, హొప్పర్‌స్టాడ్ వంటి కొన్ని సంరక్షణ సంఘానివి. ఉర్నెస్ 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది.

తారు, గొడ్డలి, అడవి

చట్టం కూల్చివేతను ఆపగలదు, పుచ్చును ఆపలేదు. కొయ్య చర్చిని ఏటేటా కాపాడేది తారు. రోడ్ల మీద పోసే నల్ల డాంబరు కాదిది, పైన్ మొద్దుల నుంచి తీసే కొయ్య తారు. చెట్టు నరికాక నేలలో మిగిలిపోయిన జిగురు మొద్దులను పెకలించి, సన్నగా చీల్చి, ఆరబెడతారు. మధ్యకు వాలిన గుంటలో బిర్చి చెట్టు బెరడు పరిచి, మొద్దు ముక్కలు పేర్చి, పైన గడ్డి పెళ్లలతో కప్పి నిప్పు పెడతారు. గాలి అందకుండా రోజుల తరబడి మెల్లగా కాలితే జిగురు కరిగి అడుగున ఉన్న గొట్టంలోంచి కారుతుంది. దాన్ని వేడిచేసి కుంచెలతో గోడలకూ కప్పులకూ పూస్తారు. కొత్తగా పూసినప్పుడు తేనె రంగులో ఉండి, తర్వాత ముదురుతుంది. పాత చర్చిల లెక్కల పుస్తకాల్లో తారు ఖర్చు పదేపదే కనిపిస్తుంది.

దక్షిణ ముఖం మీది తారు వేసవి ఎండకు కరిగి జారిపోతుంది. అక్కడ కొయ్య త్వరగా బయటపడి బూడిద రంగుకు మారుతుంది. ఉత్తరం వైపు అదే తారు పొరలు పొరలుగా పేరుకుని నల్లగా ఉంటుంది. అందుకే ఒకే చర్చి చుట్టూ నడిచినా రంగు మారుతూ పోతుంది. 20వ శతాబ్దంలో కొయ్య తారు కాల్చడం దాదాపు ఆగిపోయి నాణ్యమైనది దొరకడం కష్టమైంది. అప్పుడుగానీ ఈ పని తెలిసిన చేతులు ఎంత తక్కువ మిగిలాయో అర్థం కాలేదు.

2001లో రిక్సాంటిక్వారెన్ మొదలుపెట్టి 2015 దాకా నడిపిన స్టావ్ చర్చిల సంరక్షణ కార్యక్రమం ఈ ఎరుకతోనే సాగింది. 28 చర్చిలనూ పరీక్షించి పునాదులు, అడుగు దూలాలు, కప్పులు బాగుచేశారు. తర్వాత లోపలి చిత్రాలనూ చెక్కడాలనూ పట్టించుకున్నారు. ఒక దూలం పుచ్చితే మొత్తం మార్చరు. పుచ్చిన మేరకే కోసి, అదే జాతి కలపను అదే నార దిశలో అతుకుతారు. అందుకు కావలసిన చెట్టును వడ్రంగి అడవికి వెళ్లి నిలిచి ఉండగానే ఎంచుకుంటాడు. పాత పలక మీది గొడ్డలి గాట్లను చదివి, ఆ పనిముట్టు ఎంత వెడల్పో, ఏ వైపు నుంచి దెబ్బ పడిందో తెలుసుకుని, అలాంటి గొడ్డలినే చేయించుకుని కొత్త పలకను చెక్కుతారు. రంపపు మిల్లులో కోసిన పలక చూపుకు ఒకేలా ఉన్నా, దాని నార తెగి ఉంటుంది కాబట్టి తడిని ఎక్కువగా పీలుస్తుంది. గొడ్డలితో నార వెంట చెక్కిన పలక నీటిని జారవిడుస్తుంది. పాత పద్ధతి మీద వాళ్లకున్న పట్టుదల వెనక ఈ లెక్క ఉంది. చేసిన ప్రతి మార్పునూ రాసి, చిత్రాలతో భద్రపరిచారు. రాబోయే తరం వడ్రంగి ఏది పాతదో ఏది కొత్తదో తడుముకోనక్కర్లేదు.

కొయ్య కట్టడాలు నిలవాలంటే ముక్కలు మారుతూనే ఉండాలి. అలా మారుతున్నదాన్ని అసలైనది అనవచ్చా అన్న వాదం చాలాకాలం నడిచింది. ఈ ప్రశ్నపై 1994లో బెర్గెన్‌లో ఒక సన్నాహక సమావేశం జరిగింది. ఆ ఏడాది చివర జపాన్‌లోని నారా నగరంలో ఒక అంగీకార పత్రం వెలువడింది. ప్రతి సంస్కృతి తన సంప్రదాయం ప్రకారం అసలుదనాన్ని నిర్ణయించుకోవచ్చని, పదార్థంతోపాటు పనితనం, వాడుక, పరిసరం కూడా లెక్కకు వస్తాయని అది ఒప్పుకుంది. రాతి కట్టడాల కోసం రాసుకున్న సూత్రాలతో కొయ్యను కొలవడం అక్కడితో తగ్గింది.

నిప్పు

తారు పూసిన పొడి పైన్ కలపకు నిప్పును మించిన భయం లేదు. 1992 జూన్ 6 తెల్లవారుజామున ఫాంటాఫ్ట్ చర్చి నేలమట్టంగా కాలిపోయింది. అది ఎవరో కావాలని పెట్టిన నిప్పు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు నార్వేలో మరిన్ని చర్చిలు అలాగే కాలాయి. ఫాంటాఫ్ట్‌ను 1997 నాటికి మళ్లీ కట్టారు. కానీ 28 చర్చిల లెక్కలో ఇప్పుడది లేదు. 2014 జనవరిలో చలికాలపు పెనుగాలుల్లో, బోర్గుండ్ ఉన్న మునిసిపాలిటీలోనే, లోయ కొసనున్న లార్దాల్‌సోయ్‌రి ఊళ్లో మంటలు లేచి దాదాపు 40 కట్టడాలు బూడిదయ్యాయి. మంటలు చర్చి దాకా రాలేదు. ఆ లోయ పొడిగాలి ఎంత త్వరగా నిప్పును మోసుకుపోగలదో మాత్రం అందరూ చూశారు.

ఫాంటాఫ్ట్ తర్వాత స్టావ్ చర్చిలకు పొగ, వేడి పసిగట్టే పరికరాలు, కెమెరాలు, నీళ్లు చిమ్మే ఏర్పాట్లు అమర్చారు. వాటిని అమర్చడమూ తేలిక కాదు. గొట్టం కోసం పాత పలకకు రంధ్రం పెట్టకూడదు. గడ్డకట్టే చలిలో గొట్టాల్లో నీరు నిలవకూడదు. పొరపాటున మోగిన అలారంతో నీళ్లు కురిస్తే 17వ శతాబ్దపు రంగుల చిత్రాలు పాడవుతాయి. కాబట్టి చాలాచోట్ల గొట్టాలను ఖాళీగా ఉంచి, మంట నిజమని తేలాకే నీళ్లు వదులుతారు. నీళ్లు కూడా సన్నని తుంపరగా పడతాయి. పెద్ద ధారగా పడితే మంటతోపాటు చెక్కడమూ దెబ్బతింటుంది.

పక్కనున్న 1868 నాటి చర్చి ఈనాటికీ బోర్గుండ్ పారిష్ చర్చే. పాత చర్చి మధ్యయుగపు గంటల్లో ఒకటి అందులోనే ఉంది. 2005లో తెరిచిన సందర్శకుల కేంద్రాన్ని పాత చర్చి దగ్గరే, దాని కప్పుల వరస కళ్లకు అడ్డు రాకుండా కట్టారు. అక్కడ చర్చి చరిత్రతోపాటు స్టావ్ చర్చిల నిర్మాణ పద్ధతిని వివరించే ప్రదర్శన ఉంది. వేసవి నెలల్లో యాత్రికులు ఎక్కువగా వస్తారు. వాళ్లు కొనే టికెట్ల సొమ్ము సంరక్షణ సంఘానికి ఈ చర్చి నిర్వహణలో ఆసరా.